మింగిన అక్షరం

పోయినవారం మనం హరితను ఉప్పల్ మెట్రో మెట్ల మీద, వయోలా పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే వదిలేసి వచ్చేశాం. జనం ఆమెను తప్పుకుని ఎక్కుతున్నారు, దిగుతున్నారు. ఒకాయన ఆగి, పెట్టె వంక అనుమానంగా చూసి, "అందులో ఏముందమ్మా?" అని అడిగాడు. వయోలా అని చెప్పింది. ఆయనకి అర్థం కాలేదు. ఫిడేలు అని చెప్పింది. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. ఈ ఊళ్ళో హరిత ఎనిమిది నెలలుగా బతుకుతున్నది ఇంకొకరి పేరు మీదే.

ఈ వారమే కథ అందుకున్నవాళ్ళ కోసం వెనక సంగతి చెప్పేస్తాను. నాచారంలో "పదహారు తీగలు" అని ఒక బృందం ఉంది. నలుగురు మనుషులు, ఒక్కొక్కరి చేతిలో నాలుగేసి తీగలు, అందుకని ఆ పేరు. మొదటి ఫిడేలు చలపతిరావు మాస్టారు. సినిమా రికార్డింగుల్లో వెనక వరసలో ఇరవై ఏళ్ళు వాయించి, కీబోర్డులొచ్చి ఆ వరసల్ని ఊడ్చిపారేశాక, పద్దెనిమిదేళ్ళ కింద ఈ బృందం పెట్టారు. రెండో ఫిడేలు తేజేష్, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మనిషంత పెట్టెలో మోసుకుని తిరిగే సెల్లో జీవన్‌ది, అతను ఇక్కడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన సాంబయ్య కొడుకు. వయోలా హరితది. తణుకు నుంచి వచ్చింది. అంతకుముందు ఆ కుర్చీలో శ్యామలమ్మ పదిహేడేళ్ళు కూర్చుని, ఒకరోజు ఎవరికీ కారణం చెప్పకుండా, తన కాగితాలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది.

ఇక గురువారం నాటి అవమానం. నెలకొకసారి ఏదో ఒక బడికి వెళ్ళి పిల్లలకి వాయించి చూపించడం ఈ బృందానికి అలవాటు. ఈసారి నాచారంలోనే ఒక బడి, ఆరో తరగతి. పిల్లలకి అర్థం కావాలని మాస్టారు పాటను గదులుగా చెబుతారు. ఒక్కో గదిలో నాలుగు అక్షరాలు. అక్షరం అంటే తాళంలో ఒక లెక్క. చిన్నప్పుడు కాకినాడలో కర్ణాటక సంగీతంతో మొదలెట్టిన మనిషి కాబట్టి ఆ మాట ఆయనకి పోలేదు, మిగతా ముగ్గురికీ కూడా అంటుకుంది. ఆరోజు వాయించింది "మూడో షిఫ్టు". మాస్టారి సొంత కూర్పు. అరవై ఒకటో గదిలో ఆయన ఫిడేలు ఫ్యాక్టరీ సైరన్‌లా మూడక్షరాల పాటు కిందికి దిగుతుంది. నాలుగో అక్షరం నిశ్శబ్దం. సైరన్ ఆగాక గేటు తెరుచుకునే ముందుండే క్షణం అది, ఎవరూ వాయించకూడదు. ఆ తర్వాతి గదిలో నలుగురూ కలిసి అందుకోవాలి.

ముగ్గురు అందుకున్నారు. హరిత ఒక్కతే ఒక అక్షరం వెనక పడింది.

ఇది కొత్త కాదు. ఎనిమిది నెలలుగా ఎక్కడో ఒకచోట ఇలా జరుగుతూనే ఉంది. ప్రతిసారీ ఆమె గబుక్కున దూకి వాళ్ళతో కలిసిపోయేది, పాట అయ్యాక "సారీ మాస్టారూ" అనేది, ఆయన "పర్లేదమ్మా" అనేవారు. కానీ నెల రోజులుగా ఆమె గదిలో కూర్చుని ఆ లెక్క వేళ్ళు అరిగేలా సాధన చేసింది. గురువారం ఆమెకు తన మీద తనకు నమ్మకం ఉంది. అందుకే దూకలేదు. పది గదులు దాటేసరికి పాట కుప్పకూలింది. మాస్టారు కమాను దించి, పిల్లల వైపు తిరిగి నవ్వుతూ, "మన వయోలా అక్కకి లెక్కలు రావర్రా" అన్నారు. తరగతంతా పగలబడి నవ్వింది. గేటు బయటికొచ్చాక ఆయన నవ్వలేదు. "ఆదివారం రికార్డింగు. పద్దెనిమిదేళ్ళకి మొదటి రికార్డు. శనివారం రిహార్సల్లో చూసి, నువ్వుండాలో వద్దో చెబుతాను" అన్నారు.

ఆ మాటతో ఆమె మెట్రో మెట్ల మీద కూలబడితే, జీవన్ ఫోను వచ్చింది. "అక్కా, నువ్వు లెక్క తప్పలే. గంతకంటె నన్ను ఏం అడగకు. అన్నోజిగూడకు పో. శ్యామలమ్మను కలువు." అని పెట్టేశాడు. మనం అక్కడ ఆగాం.

*

శుక్రవారం హరిత తను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టింది. మేడిపల్లిలో ఆమెది మేడ మీద ఒంటి గది. కింద ఇల్లుగలావిడ సుబ్బులు గారు మంచి మనిషే. పక్క ఇళ్ళకు వినపడేంత మంచి మనిషి. మెట్లు దిగుతున్న హరితను చూసి, "ఇవాళ పొద్దున్నే వినపడలేదే, ఒంట్లో బాలేదా?" అంది. తర్వాత ఎన్నాళ్ళనుంచో అడగాలనుకుంటున్నది అడిగేసింది. "ఏమనుకోకమ్మా. ఎనిమిది నెలల్నుంచీ వింటున్నాను. పాట ఎప్పుడు మొదలెడతావు?"

ఏం చెబుతుంది? పాట మొదలై ఎనిమిది నెలలైంది. కాకపోతే వయోలా వాటాకి వచ్చేది పాట నడిమధ్య పోసిన మట్టి. పై అంతస్తు మొదటి ఫిడేలుది, పునాది సెల్లోది. ఆ మిగతా ముగ్గురూ పక్కన లేకపోతే వయోలా వాయించేది ఎవరికీ పాటలా వినపడదు. రెండు స్వరాలు, ఆరు లెక్కల మౌనం, మళ్ళీ రెండు స్వరాలు. ఆ ఆరు లెక్కలూ ఆమె ఖాళీ గదిలో గోడ వంక చూస్తూ మనసులో లెక్కపెట్టుకుంటుంది. ఒక్కోసారి తను ఈ ఊళ్ళో చేస్తున్న పని కూడా అదే అనిపిస్తుంది, తన వంతు వచ్చేదాకా లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం.

"త్వరలో మొదలెడతానండీ" అని చెప్పి బస్సెక్కింది.

అన్నోజిగూడలో హైవే పక్కన టైర్ల కొట్టు, దాని వెనక వీధిలో మూడో ఇల్లు. కింది వాటా అద్దెకిచ్చి శ్యామలమ్మ పైన ఒక్కతే ఉంటోంది. తలుపు తీసినావిడ పొడగరి, చేతులు మరీ పొడుగు. "ఎవలు గావాలె?" అనబోయి, హరిత భుజాన ఉన్న పెట్టె చూసి ఆగిపోయింది.

"వయోలావా? రా బిడ్డా. చాయ్ పెడుతున్న."

పొయ్యి దగ్గర నిలబడి వెనక్కి తిరగకుండానే అడిగింది. "కుర్చీ గదేనా? కిటికీ పక్కది? జర కుంటుతది గది."

"కాలి కింద అట్టముక్క పెట్టుంటుందండి."

"నేనే పెట్టిన."

పాలు పొంగేదాకా హరిత ఆవిడ కాలి బొటనవేలు వంక చూస్తూ కూర్చుంది. ఆ వేలు నేల మీద తాళం వేస్తోంది. నాలుగేసి అక్షరాలు, ఆగకుండా. వేస్తున్నట్టు ఆవిడకే తెలిసినట్టు లేదు.

హరితకి డొంకతిరుగుడు చేతకాదు. "శ్యామలమ్మ గారూ, అరవై ఒకటో గదిలో ఏముంది?" అని అడిగేసింది.

గ్లాసులో పోస్తున్న చాయ్ ఆగింది. శ్యామలమ్మ గిన్నె కింద పెట్టింది.

"సార్ మింగుతడు."

"ఏమిటి?"

"నాలుగో అక్షరం. ఆడ సప్పుడు చెయ్యకుండ ఊకె ఉండాలె గద. ఉండడు. మింగి ముందలికి పోతడు."

లోపలికి వెళ్ళి, బీరువాలో చీరల కింద నుంచి ఒక పుస్తకం తెచ్చింది. వయోలా కాగితాలు దారంతో కుట్టి, హాజరు పుస్తకం అట్ట వేసిన పుస్తకం. "మూడో షిఫ్టు" తీసి వేలు పెట్టి చూపించింది. అరవై ఒకటో గది నెత్తిన, చీమ తల అంత పెన్సిలు అక్షరం. మిం.

"మిం అంటే మింగు" అంది శ్యామలమ్మ. "ఆరేండ్ల కింద మొదట గాయన మింగిన నాడు నేను గూడ నీ లెక్కనే ఎనక పడ్డ. సారీ చెప్పిన. రెండోసారి నాది గాదని ఎర్కయింది. మూడోసారి ఆయనతోనే దుంకిన. నా కమాను జూసి జీవన్ దుంకిండు, జీవన్‌ను జూసి తేజేష్ దుంకిండు. మస్తు మంచిగ వచ్చింది. సార్ ఎంత ఖుషీ అయిండో. 'ఎంత బాగా కలిసిందో చూశారా' అన్నడు."

హరిత పుట తిప్పింది. తర్వాతి పుటలో ఇంకో మిం. ఆపైన రెండు. వేరే పాటలో ఒకటి, దాని కింద చిన్నగా తారీకు. ఆమె లెక్కపెట్టుకుంటూ వెళ్ళింది. లెక్కలు రాని వయోలా అక్క ఆ పుస్తకం చివరిదాకా లెక్కపెట్టింది. ఇరవై మూడు.

ఒక్కో మిం దగ్గరా ఆమెకు తను చెప్పిన సారీ గుర్తొచ్చింది. ఇది దసరా ముందు. ఇది రామంతపూర్ కచేరీలో. ఇక్కడ తప్పానని ఆ రాత్రి అన్నం తినలేదు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం అని సామెత. ఇక్కడ బుట్ట మాయం చేసినవాళ్ళు ముగ్గురూ మూతి తుడుచుకుని కూర్చుంటే, దొంగ ముద్ర పడింది మాత్రం రొయ్య ముట్టని దానికి.

"వెళ్ళేటప్పుడు నాకొక్క ముక్క చెప్పి ఉండొచ్చు కదండీ" అంది. "ఎనిమిది నెలలు నాకు చేతకాదనుకున్నాను. తప్పు నాదేననుకున్నాను."

"చెప్తే చేరుతుంటివా?"

"చేరకపోదును. అది నా ఇష్టం కదా?"

శ్యామలమ్మ పుస్తకం మూసి పక్కన పెట్టింది.

"మాస్టారికి చెప్పలేకపోయారా? ఆరేళ్ళు?"

"ఎట్ల చెప్త బిడ్డా? నేను బళ్ళె హార్మోనియం వాయించుకుంట ప్రార్థన చెప్పే దాన్ని. నలభై మూడేండ్లకు నాకు వయోలా ఇచ్చిండు. ఎందుకో ఎర్కనా? చేతులు పొడుగున్నయని. ఎవ్వలు ముట్టరట వయోలాను, అందరికి ఫిడేలే గావాలెనట. దగ్గర కూసోపెట్టుకొని ఏలు ఏలు పట్టి నేర్పిండు. గసుంటాయనతోని 'సార్, నువ్వు లెక్క తప్పుతున్నవ్' అని ఎట్లంట? అంటే ఏం జేస్తడో నాకు తెలుసు. ఫిడేలు పెట్టెల వెట్టి తాళమేస్తడు. ఇంట్ల ఒక్కడు. సప్పుడు లేకుంటే ఉండలేడు. ఫిడేలు గూడ లేకుంటే ఆ ఇంట్ల ఏం జేస్తడు?"

"నేనూ ఒక్కదాన్నే కదండీ" అంది హరిత.

అనేశాక తనే తెల్లబోయింది. ఈ మాట ఇన్నాళ్ళూ తణుకులో అమ్మతో అనలేదు, సుబ్బులు గారితో అనలేదు. ఇవాళే చూసిన మనిషి ముందు బయటికొచ్చేసింది.

శ్యామలమ్మ చాయ్ గ్లాసు హరిత ముందుకు జరిపింది. "నీ గురించి సోంచాయించలే బిడ్డా. తప్పే" అంది. తర్వాత తనలో తాను అనుకున్నట్టు, "మేం ఆయన్ను కాపాడుతున్నమనుకున్నం. ఏం కాపాడినం? ఆయన ఒక్కడు ఓ పాట వాయిస్తుండు, మేం ముగ్గురం ఇంకో పాట. గంత దగ్గర కూసోని ఆయన్ను బైట నిలవెట్టినం. గీ రికార్డింగు మాట వచ్చినంక నాకు నిద్ర పట్టలే. తాళం తప్పకుండ చెవులల్ల టిక్కు టిక్కని పెడతరట గద? దాని ముందల దుంకుడు నడువది. ఆయన సంగతి ఆయనకే ఇనవడుతది. గప్పుడు ఆయన మొఖం సూసే ధైర్నం నాకు లేదు. గందుకె వచ్చేసిన."

పారిపోయాను అని ఆవిడ అనలేదు కానీ, హరితకి అలాగే వినిపించింది. కోపం ఎక్కడికీ పోలేదు. అయితే ఆ కోపం ఎవరి మీద నిలబెట్టాలో మాత్రం తెలియలేదు.

లేవబోతుంటే శ్యామలమ్మ మొహమాటంగా అడిగింది. "ఒక్కసారి వాయిస్తవా? అరవై నుంచి."

హరిత పెట్టె తెరిచింది. శ్యామలమ్మ మొదటి ఫిడేలు వరస సన్నగా రాగం తీసింది, హరిత తన వాటా వాయించింది. అరవై. అరవై ఒకటి. శ్యామలమ్మ గొంతు సైరన్‌లా దిగింది, ఒకటి, రెండు, మూడు. హరిత కమాను ఎత్తి ఆగింది. హైవే మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. ఆ నిశ్శబ్దంలోకి శ్యామలమ్మ చెయ్యి, కమాను లేని ఉత్త చెయ్యి, తనంతట తనే ముందుకు దూకింది.

ఆవిడ ఆ చేతిని ఒళ్ళోకి లాక్కుంది. "సూసినవా?" అంది. "నాకు గూడ ఆగుడు పోయింది."

పుస్తకం తనే తీసి హరిత సంచిలో పెట్టింది. "శనారం దుంకు. నీ కుర్చీ నీకుంటది."

"మరి ఆదివారం?"

"గది నాకు ఎర్కలేదు బిడ్డా."

*

శనివారం గడిస్తే కదా ఆదివారం. హరిత చివరికి ఆ ఆలోచనకే వచ్చింది. గొప్ప ఆలోచన కాదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ తనది అనుకోవడానికి ఈ మహానగరంలో ఆమెకున్నది కాలి కింద అట్టముక్క పెట్టిన ఒక కుంటి కుర్చీ. దాన్ని పోగొట్టుకుంటే మిగిలేది మేడ మీద గది, పాట ఎప్పుడు మొదలెడతావని అడిగే సుబ్బులు గారు. పొద్దున లేచి, తన కొత్త కాగితం మీద అరవై ఒకటో గది నెత్తిన పెన్సిలుతో మిం అని రాసుకుంది. రాస్తుంటే దొంగతనం చేస్తున్నట్టే అనిపించింది. తర్వాత ఆ ఒక్క గదీ డెబ్బై సార్లు వాయించింది. ఇన్నాళ్ళూ ఆగడం సాధన చేసింది, ఇప్పుడు ఆగకపోవడం సాధన చేసింది. రెండోదే త్వరగా వచ్చింది.

సాయంత్రం అయిదింటికి నాచారంలో మాస్టారి ఇంటి ముందు గది. నాలుగు కుర్చీలు, నాలుగు స్టాండులు. గోడ అంతా పాత ఫొటోలు, ఒక్కదానిలోనూ మాస్టారు ముందు వరసలో లేరు. జీవన్ అప్పటికే సెల్లోని కాళ్ళ మధ్య నిలబెట్టుకుని శ్రుతి చేస్తున్నాడు. హరిత రాగానే తలెత్తి, ఆమె కళ్ళలోకి చూసి, అన్నోజిగూడ ప్రయాణం అయిందని గ్రహించి, మళ్ళీ బిరడాల మీదికి వంగిపోయాడు. తేజేష్ ఫోను చూసుకుంటున్నాడు. మాస్టారి కుర్చీ పక్కన స్టూలు మీద కొత్తగా తాళం కొట్టే టిక్ టిక్ పెట్టె ఒకటి ఉంది. రేపటి రికార్డింగు కోసం తెప్పించి ఉంటారనుకుంది హరిత.

మాస్టారి కళ్ళ కింద వాపు. గడ్డం గీసుకోలేదు. ఎప్పుడూ రిహార్సల్‌కి ముందు ఆయన పావుగంట పాత కబుర్లు చెబుతారు, ఆ కబుర్లకి నవ్వడం కూడా బృందం పనుల్లో ఒకటి. ఇవాళ కబుర్లు లేవు. "మూడో షిఫ్టు తీయండి" అన్నారు.

సంచిని కుర్చీ కిందికి తోసి హరిత తన కాగితం స్టాండు మీద పెట్టుకుంది. పాట మొదలైంది.

బాగానే నడిచింది. నిజానికి ఎన్నడూ లేనంత బాగా నడిచింది. ఇరవై, నలభై, యాభై. గది తర్వాత గది దాటుతుంటే ఆమె గుండె కూడా లెక్కపెట్టుకోసాగింది. యాభై తొమ్మిది. అరవై. మాస్టారి ఫిడేలు సైరన్ అందుకుంది. ఒకటి. రెండు. మూడు.

హరిత దూకింది.

ఆమె కమాను చూసి జీవన్ దూకాడు. జీవన్‌ని చూసి తేజేష్ దూకాడు. ముగ్గురి తీగలూ ఒక్కసారి, ఒక్క చోట, గడియారం పెట్టినట్టు మోగాయి. కానీ పైన ఫిడేలు లేదు. మాస్టారు కమాను గాలిలో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నాలుగో అక్షరం ఆగి ఉన్నారు. నిండుగా, కాగితం మీద ఎంత రాసి ఉందో అంతా ఆగి ఉన్నారు. తర్వాత సరిగ్గా అందుకోవాల్సిన చోట అందుకున్నారు, ఒక్కరే.

రెండు గదులు అలాగే నడిచింది. ముగ్గురు ముందు, ఆయన వెనక. ఆయన కమాను దించారు.

"ఆగండి" అన్నారు. కోపం లేదు. కోపం ఉంటే బావుండునని హరితకు అనిపించింది.

"గురువారం రాత్రి ఆ బళ్ళో పద్మశ్రీ టీచరు ఫోనుకి వీడియో పంపారు" అన్నారు మాస్టారు. "పిల్లలకి బాగా నచ్చిందట. చూస్తూ ఊరికే తొడ మీద తాళం వేశాను. తాళం కుదరలేదు. మళ్ళీ చూశాను. ఈ పెట్టె కొనుక్కొచ్చి, దాన్ని ముందు పెట్టుకుని ఇంకోసారి చూశాను." ఆయన స్టూలు వంక చూశారు. "నువ్వు తప్పలేదమ్మా. నా పాటలో, నేను రాసుకున్న అక్షరం, నేనే మింగేశాను."

తేజేష్ స్టాండు మీది కాగితం సర్దుకున్నాడు.

"ఎనిమిది నెలలుగా నువ్వు సారీ చెబుతున్నావు, నేను పర్లేదమ్మా అంటున్నాను. ఎంత పెద్దమనిషినో చూడు. పిల్లల ముందు నవ్వించాను కూడాను. నోటితో క్షమించమనడానికి నోరు రాలేదు. వాయించి చెబుదామనుకున్నాను. రెండు రోజులుగా అన్నం వండుకోకుండా ఆ ఒక్క అక్షరం ఆగడం నేర్చుకున్నాను. నువ్వు ఆగుతావు, నేనూ ఆగుతాను, ఇద్దరం కలిసి అందుకుంటాం, నీకు అర్థమవుతుంది అనుకున్నాను." ఆయన హరిత కమాను వంక చూశారు. "నువ్వేమో మింగడం నేర్చుకుని వచ్చావు."

హరిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వయోలా చుబుకం కింద నుంచి తీయడం కూడా మర్చిపోయి అలాగే కూర్చుంది.

"మాస్టారూ, నేను..."

"శ్యామల దగ్గరికి వెళ్ళావా?"

ఆమె తలూపింది.

"అనుకున్నాను. దూకే ముందు శ్యామల కమాను కొస ఇలా, కొంచెం లేచేది. ఆరేళ్ళు పక్కన కూర్చుని చూశాను. ఆవిడ అలవాటు అనుకున్నాను. ఇవాళ నీ కమానూ అలాగే లేచింది." ఆయన మెల్లగా జీవన్ వైపు, తేజేష్ వైపు తిరిగారు. ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా తీగల వంక చూస్తున్నారు. "మీ ఇద్దరూ కూడానా?"

"సార్..." అన్నాడు జీవన్.

"మీరు బాధపడతారని మాస్టారూ" అన్నాడు తేజేష్, ఎటో చూస్తూ.

మాస్టారు తలూపారు. అర్థమైందన్నట్టే ఊపారు. ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, కమాను నుంచి దాని మీద రాలిన తెల్లపొడి బొటనవేలితో తుడిచారు. "ఈ గదిలో నాకు నిజం వాయించినదానివి నువ్వొక్కదానివేనమ్మా హరితా" అన్నారు. "మొన్నటిదాకా."

బయట వీధిలో కూరగాయల బండి మైకు అరుచుకుంటూ వెళ్ళింది. అది సందు మలుపు తిరిగేదాకా ఆయన ఆగారు.

"శ్యామల వెళ్తూ వెళ్తూ తన కాగితాలు తీసుకుపోయింది. ఉత్త కాగితాలు ఎందుకబ్బా అనుకున్నాను. అవి నీ దగ్గరున్నాయి కదూ?"

హరిత చెయ్యి తనకు తెలియకుండానే కుర్చీ కింద ఉన్న సంచి జిప్పు మీదికి పోయింది. జీవన్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. రేపు పొద్దున పదింటికి రికార్డింగు. పద్దెనిమిదేళ్ళకి మొదటిది. తను తలుచుకుంటే ఇప్పుడే అబద్ధం చెప్పొచ్చు. ఒక్క మాట చాలు. ఆరేళ్ళు ముగ్గురు కలిసి చేసిన పని, ఇవాళ తనొక్కతే చేసెయ్యొచ్చు.

మాస్టారు ఆమె వైపు కొంచెం వంగారు. పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా గొంతు తగ్గించి, "ఆ ఒక్క చోటే కదమ్మా?" అన్నారు.

ఇరవై మూడు. సంచిలో పుస్తకం బరువుగా ఉంది.

మాస్టారి బొటనవేలు నేల మీద కదలడం హరిత చూసింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఆయన నిండుగా ఆగారు. ముగ్గురిలో ఒక్కరూ అవునని అందుకోలేదు.

అప్పుడు ఆయన పుస్తకం కోసం చెయ్యి చాపారు.